వ్యాయామ పరిశోధనలోకి వచ్చేవాళ్లకు ముందే చెప్పాల్సినవి

సంపాదకుల వారికి, నమస్కారం.

మీ విద్యా పేజీలో క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ (వ్యాయామం శరీరం మీద ఎలా పనిచేస్తుందో కొలిచి, రోగులకు దాన్ని సూచించే శాస్త్రం) గురించి వచ్చిన వ్యాసం చదివాం. ఊబకాయం పెరుగుతోంది కాబట్టి ఈ చదువుకు గిరాకీ పెరుగుతుందని, వ్యాయామంతో బరువు తగ్గించే నిపుణులకు ముందు ముందు మంచి రోజులని అందులో రాశారు. గిరాకీ మాట కాదనం. కానీ ఈ వైపు వచ్చే పిల్లలు మొదటి ఏడాదిలోనే కంగుతినే సంగతి ఒకటి ఆ వ్యాసంలో లేదు. వ్యాయామం ఒక్కదానితో తగ్గే బరువు చాలా తక్కువ. ఆ తక్కువను తప్పు లేకుండా కొలవడానికే ఈ వృత్తిలో సగం కాలం గడిచిపోతుంది. విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రం బోధిస్తూ పరిశోధన చేయాలనుకునేవాళ్లు ఇది తెలిసే చేరాలి. తెలియక చేరినవాళ్లు మధ్యలో వదిలేసి పోతున్నారు. అంతకన్నా చేటు ఏమిటంటే, కొందరు తమకు కావలసిన అంకె వచ్చేదాకా డేటాను వంచుతున్నారు.

లెక్క చూడండి. ఊరికే కూర్చున్న మనిషి కిలో శరీర బరువుకు నిమిషానికి దాదాపు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటాడు. దీన్ని ఒక మెట్ అంటారు. కాస్త వడిగా నడిస్తే 3.5 మెట్‌లు అనుకుందాం. 80 కిలోల మనిషి అలా అరగంట నడిస్తే ఎంత ఖర్చవుతుంది? మెట్‌ల సంఖ్యను 3.5తోనూ, 80తోనూ గుణించి 200తో భాగిస్తే నిమిషానికి 4.9 కిలోకాలరీలు వస్తాయి. అరగంటకు 147. అయితే అదే అరగంట కుర్చీలో కూర్చున్నా 42 ఎటూ ఖర్చయ్యేవే. అవి తీసేస్తే నడకకని చెప్పుకోదగ్గవి 105 మాత్రమే. ట్రెడ్‌మిల్ తెర మీద కనిపించే అంకెలో సాధారణంగా ఆ 42 కూడా కలిసే ఉంటాయి, చూసేవాళ్లకు సంతోషంగా ఉండడానికి.

వారానికి 5 రోజుల చొప్పున ఏడాదంతా నాగా లేకుండా నడిస్తే 27,300 కిలోకాలరీలు. కిలో కొవ్వుకు 7,700 అనే పాత లెక్క ప్రకారం మూడున్నర కిలోలు. ఆ లెక్క 1958 నాటిది. బరువు తగ్గేకొద్దీ అదే నడకకు అయ్యే ఖర్చూ తగ్గుతుందని, విశ్రాంతిలో ఖర్చూ తగ్గుతుందని, ఆకలి పెరుగుతుందని అది పట్టించుకోదు. కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన గణిత నమూనా ఖర్చులో వచ్చే ఈ మార్పులను లెక్కలోకి తీసుకుంటుంది. దాని ప్రకారం తగ్గుదల మొదట్లో కాస్త వడిగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. చివరికి ఒకచోట నిలిచిపోతుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన నివేదిక కూడా తగ్గేది కొంచెమేనని చెప్పింది. వారానికి 150 నిమిషాలలోపు వ్యాయామంతో బరువులో మార్పు నామమాత్రం. 150 దాటితే 2, 3 కిలోలు. 5 కిలోలకు మించి తగ్గాలంటే 225 నుంచి 420 నిమిషాల దాకా పోవాలి. పనిచేసుకుని బతికే మనిషికి వారంలో 420 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పడం మాత్రం ఏ నివేదికకూ సాధ్యం కాలేదు.

మరి ఈ శాస్త్రం ఎందుకు? తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఆపడంలో వ్యాయామానికి ఉన్న పాత్ర, తగ్గించడంలో ఉన్న పాత్రకన్నా పెద్దదిగా కనిపిస్తోంది. పైగా బరువు అసలు కదలకపోయినా చక్కెర, రక్తపోటు, ఊపిరి, నిద్ర, నడక మెరుగవుతాయి. 2002లో వెలువడిన మధుమేహ నివారణ పరిశోధనలో 3,234 మంది ఉన్నారు. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఈ రెండూ లక్ష్యంగా పెట్టుకున్న వర్గంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మందు ఇచ్చిన వర్గంలో తగ్గింది 31 శాతమే. ఈ వృత్తి నిలబడింది ఇలాంటి ఫలితాల మీద. ముందూ తర్వాతా ఫొటోల మీద కాదు.

ఇప్పుడు ప్రయోగశాల సంగతి. మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం దక్కింది: "అధునాతన పరికరాలతో పరీక్షలు చేస్తారు." ఆ పరికరాల దగ్గరే ఈ వృత్తి మంచిచెడ్డలు తేలతాయి కాబట్టి కాస్త నిదానంగా చెబుతాం.

మెటబాలిక్ కార్ట్ అనే యంత్రం మనిషి వదిలిన గాలి పరిమాణాన్నీ, అందులోని ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ శాతాలనూ కొలుస్తుంది. పొద్దున్నే ఆన్ చేశాక కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. ఆ తర్వాత గదిలో ఉష్ణోగ్రత, తేమ, వాతావరణ పీడనం సరిచూసి నమోదు చేయాలి. గాలి ప్రవాహాన్ని 3 లీటర్ల సిరంజితో క్యాలిబ్రేట్ చేస్తారు, అంటే తెలిసిన కొలతతో పోల్చి యంత్రాన్ని సరిచేస్తారు. పిడిని ఒకే వేగంతో తోస్తే చాలదు. నెమ్మదిగా కొన్నిసార్లు, గట్టిగా కొన్నిసార్లు తోయాలి. విశ్రాంతిలో ఊపిరి ఒక తీరు, పరుగు చివర ఊపిరి మరో తీరు కాబట్టి రెండు చోట్లా యంత్రం 3 లీటర్లనే చూపాలి. తేడా 3 శాతం దాటితే మళ్లీ మొదటికి రావాలి. తర్వాత గ్యాస్. సిలిండర్‌లో 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్ ఉంటుంది. దాన్ని ఒక బిందువుగా, గది గాలిని రెండో బిందువుగా తీసుకుంటారు. గది గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం ఉండాలి. చిన్న గదిలో నలుగురు విద్యార్థులు మూసిన తలుపుల మధ్య గంటసేపు నిలబడితే అది 20.93 కాదు. ఈ సంగతి తెలియక ఆ గాలినే ప్రమాణంగా తీసుకుంటే ఆ రోజు తీసిన ప్రతి కొలతా ఒకే వైపుకు జరుగుతుంది. ఎంత జాగ్రత్తగా సగటు తీసినా ఆ తప్పు పోదు.

ఇక మాస్కు. గడ్డం కింద, ముక్కు దూలం పక్కన సందు మిగిలితే గాలి అక్కడి నుంచి జారిపోతుంది. యంత్రానికి చేరేది తక్కువ కాబట్టి ఆక్సిజన్ వాడకం తక్కువగా కనిపిస్తుంది. మాస్కు ముందు రంధ్రం అరచేత్తో మూసి, ఊదమని చెప్పి, అంచుల చుట్టూ గాలి తగులుతుందేమో వేళ్లతో చూడాలి. అర నిమిషం పని ఇది. గడ్డం ఉన్నవాళ్లకు, బుగ్గలు నిండుగా ఉన్నవాళ్లకు రెండు కొలతల మాస్కులు మార్చి చూడాల్సి వస్తుంది. గాలిని యంత్రానికి చేర్చే శాంపిల్ గొట్టంలో చెమ్మ చేరితే స్పందన ఆలస్యమవుతుంది. అప్పుడు ఊపిరికీ గ్యాస్ శాతానికీ జత కుదరదు. తెర మీద అంకెలు చక్కగానే కనిపిస్తాయి, వాటికి అర్థమే ఉండదు.

అంకెలు నమ్మదగ్గవేనా అని చూడడానికి శ్వాస నిష్పత్తి ఒక మంచి కాపలాదారు. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చేది అది. పరగడుపున విశ్రాంతిలో ఉన్న మనిషికి సాధారణంగా 0.75, 0.85 మధ్య ఉంటుంది. 1.1 వచ్చిందంటే ఆ మనిషి కంగారులో గబగబా ఊపిరి తీస్తుండాలి, లేదా క్యాలిబ్రేషన్ చెడి ఉండాలి. 0.67 కంటే కిందే నిలిచిపోతే కారణం శరీరంలో వెతకకండి, గొట్టంలో వెతకండి.

విశ్రాంతి శక్తి ఖర్చు తీసేటప్పుడు రాత్రి నుంచి ఏమీ తినకుండా, కాఫీ, పొగ లేకుండా, ముందురోజు కఠిన వ్యాయామం లేకుండా రమ్మనాలి. వచ్చాక 20, 30 నిమిషాలు పడుకోబెట్టాలి. నిద్రపోనివ్వకూడదు. తీసిన కొలతలో మొదటి 5 నిమిషాలు పారేసి, నిలకడగా ఉన్న నిమిషాల సగటు తీసుకోవాలి. లెక్కకు 1949 నాటి వైర్ సూత్రం వాడతారు. నిమిషానికి ఆక్సిజన్ 0.25 లీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 0.20 లీటర్లు అనుకుంటే, మొదటిదాన్ని 3.94తో, రెండోదాన్ని 1.11తో గుణించి కలిపితే 1.207 కిలోకాలరీలు. రోజుకు సుమారు 1,738. ఇప్పుడు యంత్రం 5 శాతం తప్పు చూపిందనుకోండి. అది రోజుకు 87 కిలోకాలరీలు. పైన లెక్కగట్టిన అరగంట నడకకు దక్కింది 105. మాస్కు పక్కన ఒక సందు, పరిశోధన మొత్తం వెతుకుతున్న ఫలితంలో సింహభాగాన్ని మింగేస్తుందన్నమాట. అందుకే మంచి ల్యాబులో క్యాలిబ్రేషన్ పుస్తకం ఉంటుంది. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ విలువలు వచ్చాయి అని చేతిరాతతో ఉంటుంది. ఒక ల్యాబు ఎలాంటిదో తెలియాలంటే వెబ్‌సైట్ చూడక్కర్లేదు, ఆ పుస్తకం అడిగి చూస్తే చాలు.

అధిక బరువున్నవాళ్లకు వ్యాయామ పరీక్ష పెట్టడం మరో విద్య. ఆసుపత్రుల్లో చాలాచోట్ల ట్రెడ్‌మిల్ మీద బ్రూస్ ప్రోటోకాల్ అనే పద్ధతి వాడతారు. 1963 నుంచీ ఉన్నది. మొదటి దశలోనే గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఎత్తు (అంటే ఏటవాలు). మూడు నిమిషాలకోసారి రెండూ పెరుగుతాయి. భారీ శరీరం ఉన్నవాళ్లు చాలామంది రెండో దశలోనే మోకాళ్ల నొప్పితోనో పిక్కల నొప్పితోనో ఆగిపోతారు. అప్పుడు మనం కొలిచింది గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం కాదు, మోకాలి ఓపిక. వేగం మార్చకుండా ఎత్తు మాత్రమే కొద్దికొద్దిగా పెంచే పద్ధతి పెట్టుకుని, 8 నుంచి 12 నిమిషాల్లో పరీక్ష ముగిసేలా చూసుకోవడం మేలు. ట్రెడ్‌మిల్ ఎంత బరువు మోయగలదో దాని పలక మీద రాసి ఉంటుంది. మనిషిని పిలిచే ముందే అది చదవాలి. పిలిచి, ఎక్కించబోయి, మీ బరువుకు ఇది పనికిరాదని చెప్పడం కన్నా అవమానం లేదు. అలా ఒకసారి జరిగితే ఆ మనిషి మళ్లీ రాడు. రాకపోవడంలో అతని తప్పేమీ లేదు.

చేతి చుట్టుకొలతకు సరిపోని చిన్న బీపీ పట్టీ కడితే రక్తపోటు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఇది అందరికీ తెలిసిందే, అయినా పెద్ద పట్టీ లేని ల్యాబులు ఉన్నాయి. ట్రెడ్‌మిల్ కమ్మీ పట్టుకుని నడవనిస్తే, వేగం, ఎత్తుల నుంచి అంచనా వేసిన మెట్‌లు అసలు కన్నా ఎక్కువ వస్తాయి. గుండెజబ్బుకో రక్తపోటుకో బీటా బ్లాకర్లనే మందులు వాడేవాళ్ల గుండె వేగం అణిగి ఉంటుంది కాబట్టి 220 నుంచి వయసు తీసేసే సూత్రంతో వాళ్లకు వ్యాయామ తీవ్రత రాయకూడదు. 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు మీద ఎంత కష్టంగా ఉందో వాళ్లనే చెప్పమనాలి. ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే సల్ఫోనిల్‌యూరియా మాత్రలు గానీ వాడేవాళ్ల చక్కెర పరీక్షకు ముందు చూడాలి, అయ్యాక కూడా చూడాలి. పని పెరుగుతున్నా పై రక్తపోటు 10 పాయింట్లకు మించి పడిపోతూ, దానికి తోడు గుండెకు రక్తం చాలడం లేదన్న సూచనలు కనిపిస్తే ఇక ఒక్క నిమిషం కూడా పొడిగించకూడదు. పీహెచ్‌డీ విద్యార్థికి ఇంకో డేటా పాయింటు కావాలన్న ఆశ సరిగ్గా ఆ క్షణంలోనే పుడుతుంది. పరీక్ష ఆపే అధికారం డేటాతో సంబంధం లేని మనిషి చేతిలో ఉండాలనేది అందుకే.

శరీరంలో కొవ్వు కొలిచే డెక్సా స్కాన్‌కూ తిరకాసులున్నాయి. కండ అని అది చూపేదాంట్లో నీరు కూడా ఉంటుంది. స్కాన్‌కు ముందు లీటరు నీళ్లు తాగినా, చెమటోడ్చి వచ్చినా కండ పెరిగినట్టో తరిగినట్టో కనిపిస్తుంది. బల్ల వెడల్పుకు పట్టని మనిషికి సగం శరీరమే తీసి రెండో సగాన్ని దానిలాగే లెక్కగడతారు. మొదటిసారి కుడివైపు తీసి, ఆర్నెల్లకు ఎడమవైపు తీస్తే ఆ పోలిక చెల్లదు. కదలికలు కొలవడానికి నడుముకు కట్టే యాక్సిలరోమీటర్ల విషయంలో రోజుకు కనీసం 10 గంటలు, కనీసం 4 రోజులు పెట్టుకుంటేనే లెక్కలోకి తీసుకునే ఆనవాయితీ ఉంది. సైకిల్ తొక్కడం, బరువులెత్తడం దానికి సరిగ్గా కనబడవు.

ఇక ట్రయల్, అంటే మనుషులను వర్గాలుగా విడగొట్టి పోల్చే పరిశోధన. ఈ వృత్తిలో కాలం ఎలా కరుగుతుందో లెక్కతోనే చెబుతాం. రెండు వర్గాల మధ్య 2.5 కిలోల తేడా పట్టుకోవాలి. మనుషుల మధ్య ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఫలితాలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 6 కిలోలు. 80 శాతం పవర్ (తేడా నిజంగా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం ఆల్ఫా (లేని తేడాను ఉందనుకునే అవకాశం). సూత్రంలో వేస్తే వర్గానికి 91 మంది కావాలి. నూటికి 25 మంది మధ్యలో మానేస్తారనుకుంటే (అది మరీ నిరాశావాదమేమీ కాదు) 122. రెండు వర్గాలకు 244. నెలకు ఆరుగురు చేరితే 40 నెలలు దాటుతుంది. చివరివాడు చేరాక 18 నెలలు అనుసరించాలి. దీనికి ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, గ్రాంటు రావడం, సిబ్బందికి శిక్షణ. తర్వాత డేటా శుభ్రం చేయడం, విశ్లేషణ, పేపరు రాయడం, రివ్యూయర్లతో ఉత్తరప్రత్యుత్తరాలు. ఆరేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. మూడు, నాలుగేళ్ల పీహెచ్‌డీలో ఒక విద్యార్థి సొంతంగా ఇంత ట్రయల్ నడపలేడు. నడుపుతానని ప్రతిపాదన రాసే విద్యార్థిని ఆపాల్సిన బాధ్యత గైడ్‌ది. సాధారణంగా నడుస్తున్న పెద్ద ట్రయల్‌లో ఒక ఉపప్రశ్న తీసుకుంటారు, లేదా కొలత పద్ధతి మీద పనిచేస్తారు. అది చిన్నతనం కాదు. కొలత మీద చేసిన పీహెచ్‌డీ పది మందితో హడావిడిగా చేసిన బరువు తగ్గుదల పీహెచ్‌డీ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ట్రయల్‌లో ఎక్కువగా చెడేవి మూడు చోట్ల. ఎవరు ఏ వర్గమో తేల్చే జాబితా, చేర్చుకునే మనిషికి ముందే తెలిసిపోవడం ఒకటి. బరువు తూచే మనిషికి వర్గం తెలియడం ఇంకొకటి. మూడోది, మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయడం. ఇదే అన్నిటికన్నా తియ్యనిది. బరువు తగ్గనివాళ్లే సాధారణంగా మానేస్తారు కాబట్టి మిగిలినవాళ్ల సగటు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. చేరిన ప్రతి ఒక్కరినీ, వచ్చినా రాకపోయినా, వాళ్లకు కేటాయించిన వర్గంలోనే లెక్కించాలి. మానేసినవాళ్లను బతిమాలి చివరి తూకానికి రప్పించే పని ప్రొఫెసర్లు చేయరు, ప్రాజెక్టు కోఆర్డినేటర్లు చేస్తారు. పేపరులో వాళ్ల పేరు చివర్లో కృతజ్ఞతల్లో ఉంటుంది. మా దృష్టిలో అది న్యాయం కాదు.

వర్గాలు విడగొట్టకుండా కేవలం చూసి తేల్చడంలో ఉన్న ప్రమాదానికి ఈ శాస్త్రం పుట్టుకలోనే ఉదాహరణ ఉంది. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకు, మెట్లెక్కి దిగే కండక్టర్ల కన్నా గుండెజబ్బు ఎక్కువని బ్రిటిష్ పరిశోధకుడు జెరెమీ మోరిస్ 1953లో లాన్సెట్‌లో చూపించారు. శారీరక శ్రమ మీద ఆధునిక పరిశోధనకు అదే పునాది అంటారు. ఆ తర్వాత 1956లో ఆయన బృందమే యూనిఫాంల కొలతలు తీసి చూసింది. డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత కండక్టర్ల కన్నా పెద్దది, అదీ ఉద్యోగంలో చేరిన తొలినాళ్ల నుంచే. అంటే తేడా అంతా మెట్ల వల్లే అని చెప్పడానికి లేదు. సొంత ఫలితానికి తానే గండికొట్టే సమాచారం వెతికి, దాన్ని తానే అచ్చువేయడం. ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునేవాళ్లు అభ్యర్థిలో ఈ గుణం ఉందా అని చూడాలి.

అనుకున్నది రాని ఫలితాలకు కూడా ఈ వృత్తిలో సిద్ధపడి ఉండాలి. లుక్ అహెడ్ అనే అమెరికా పరిశోధనలో అధిక బరువూ టైప్ 2 మధుమేహమూ ఉన్న 5,145 మందిని తీసుకున్నారు. 2001లో మొదలైంది. తిండి నియంత్రణ, వారానికి 175 నిమిషాల వ్యాయామం. మొదటి ఏడాదికి 8.6 శాతం బరువు తగ్గింది. పోల్చిన వర్గంలో తగ్గింది 0.7 శాతమే. అయినా గుండె జబ్బులు, మరణాలలో తేడా కనిపించలేదు. 2012లో ట్రయల్‌ను ముందే ఆపేశారు. 2013లో ఫలితం దాచకుండా ప్రచురించారు. ఇతర ప్రయోజనాలు ఎన్నో తేలాయి, కానీ ప్రధాన ప్రశ్నకు వచ్చిన జవాబు మాత్రం "తేడా లేదు" అనే. దశాబ్దం పైగా పనిచేసినవాళ్లకు ఆ జవాబు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. 2016లో జాన్ జాకిసిక్ బృందం చేతికి కట్టుకునే పరికరాల మీద చేసిన ట్రయల్ మరీ విడ్డూరం. 471 మంది, 24 నెలలు. పరికరం ఇచ్చిన వర్గం తగ్గింది 3.5 కిలోలు, పరికరం లేకుండా తన లెక్క తానే రాసుకున్న వర్గం తగ్గింది 5.9 కిలోలు. పరికరాలకు అనుకూలంగా తేలుతుందని అప్పట్లో చాలామంది అనుకున్నదే.

చదువు దశల గురించి మీ వ్యాసం బాగానే రాసింది కాబట్టి ఎక్కువ చెప్పం. డిగ్రీలో ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీతో పాటు స్టాటిస్టిక్స్ గట్టిగా ఉండాలి. స్టాటిస్టిక్స్ తప్పించుకుని వచ్చినవాళ్లు తర్వాత రెట్టింపు కష్టపడతారు. మాస్టర్స్‌లో రోగుల దగ్గర గడిపే గంటలు ముఖ్యం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ తన క్లినికల్ ధ్రువపత్రానికి మాస్టర్స్ ఉన్నవాళ్లకు 600, డిగ్రీ మాత్రమే ఉన్నవాళ్లకు 1,200 క్లినికల్ గంటలు చాలాకాలం అడుగుతూ వచ్చింది. ఏ దేశంలో చదివినా ఆ స్థాయి అనుభవం లేకుండా పీహెచ్‌డీకి దూకడం మంచిది కాదు. ఈసీజీ చదవడం పుస్తకంలో వేరు, ఎదురుగా చెమటలు పట్టిన మనిషి ఉన్నప్పుడు వేరు. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ (మరో ల్యాబులో కొన్నేళ్ల పరిశోధన ఉద్యోగం) చేస్తే గైడ్‌ది కాని సొంత ప్రశ్న ఒకటి చేతికి రావాలి. అది రాకుండా పోస్ట్‌డాక్ ముగిస్తే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు వచ్చినా గ్రాంటు రావడం కష్టం. మాట్లాడే తీరు కూడా నేర్చుకోవాల్సిన విద్యే. "మీరు తక్కువ కదులుతున్నారు" అనే మాటకు, "మీ రోజులో పది నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం" అనే మాటకు మధ్య, ఆ మనిషి వచ్చే వారం వస్తాడా రాడా అనేంత తేడా ఉంది.

కొత్త మందుల వల్ల ఈ రంగానికి పని ఉండదని కొందరు అంటున్నారు. 2021లో వచ్చిన స్టెప్ 1 ట్రయల్‌లో 1,961 మంది. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ మందు వాడిన వర్గం 68 వారాల్లో 14.9 శాతం బరువు తగ్గింది. పోల్చిన వర్గంలో తగ్గింది 2.4 శాతం. వ్యాయామం అంత తగ్గించలేదు, ఒప్పుకోవాలి. అయితే ఆ ట్రయల్‌లోనే కొందరికి డెక్సా తీసి చూస్తే పోయిన బరువులో దాదాపు 40 శాతం కొవ్వు కాని భాగం నుంచి పోయింది. మందు మానేసిన ఏడాదికి, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఇంకో ట్రయల్‌లో, మొదట తక్కువ కాలరీల ఆహారంతో బరువు తగ్గిన 195 మందిని తీసుకుని, ఏడాదిపాటు లిరాగ్లుటైడ్ (ఇదీ అలాంటి మందే), వ్యాయామం, రెండూ, ఏదీ లేకుండా అని నాలుగు వర్గాలు చేశారు. రెండూ కలిసిన వర్గంలో కొవ్వు శాతం తగ్గుదల, ఒక్కొక్కటి విడిగా ఇచ్చిన వర్గాలతో పోలిస్తే దాదాపు రెట్టింపు. మందు వాడేవాళ్లకు కండ నిలబెట్టడానికి ఎలాంటి వ్యాయామం, వారానికి ఎంత, ఎప్పుడు మొదలుపెట్టాలి? మందు మానేటప్పుడు ఏం చేయాలి? వచ్చే పదిహేనేళ్లలో పీహెచ్‌డీలన్నీ ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయని మా అంచనా. ఇప్పుడు చేరే విద్యార్థి కండ బలాన్ని, కండ నాణ్యతను కొలిచే పద్ధతులు బాగా నేర్చుకుంటే నష్టపోడు.

డబ్బు విషయం కూడా చెప్పాలి. బరువు తగ్గించే మార్కెట్ పెద్దది. ఈ రంగంలో ఉన్న అధ్యాపకుడికి పరికరాల కంపెనీలు, మందుల కంపెనీలు, పొడుల కంపెనీలు తలుపు తడుతూనే ఉంటాయి. డబ్బు తీసుకోవడం నేరం కాదు, దాచడం నేరం. ప్రధాన ఫలితం ఏదో ట్రయల్ మొదలయ్యే ముందే రిజిస్ట్రీలో నమోదు చేసి, ప్రచురించే హక్కు కంపెనీ చేతిలో లేకుండా ఒప్పందం రాసుకోవాలి.

మీ విద్యా పేజీలో ఈ చదువు గురించి మళ్లీ రాసేటప్పుడు, విద్యార్థి ఒక విభాగంలో చేరే ముందు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని అచ్చువేయమని మనవి. మీ దగ్గర స్టాటిస్టీషియన్ ఉన్నారా, ఉంటే విద్యార్థులకు వారానికి ఎంత సమయం ఇస్తారు? ప్రస్తుతం నడుస్తున్న ట్రయల్ ఏది, చేరినవాళ్లలో ఎంతమంది చివరిదాకా నిలిచారు? గత అయిదేళ్లలో పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, మధ్యలో మానేసినవాళ్లు ఎందరు? మొదటి పేపరులో తొలి పేరు ఎవరిది? తేడా రాలేదని తేలిన పరిశోధన ఏదైనా ఈ విభాగం నుంచి అచ్చయిందా? చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి విభాగాధిపతి తడుముకుంటే ఇంకో విభాగం చూసుకోవచ్చు.

ఇట్లు,
భవదీయులు,
వ్యాయామ శరీరధర్మ శాస్త్ర అధ్యాపకులు కొందరు